మైలుతుత్తం, పెరుగు డబ్బా, ఒక ఎంథాల్పీ: ప్రాజెక్టు డైరీ

కొలవాల్సింది ఇదీ: ఒక మోల్ (అణువుల లెక్కకు వాడే ప్రమాణం) తెల్లని అనార్ద్ర, అంటే నీరు లేని, కాపర్ సల్ఫేట్ 5 మోల్‌ల నీటిని పట్టుకుని నీలం స్ఫటికంగా, అంటే మైలుతుత్తంగా, మారేటప్పుడు ఎంత వేడి వదులుతుంది? ఆ వేడినే ఎంథాల్పీ మార్పు అంటారు. పాఠ్యపుస్తకాల్లో ఇది రెండు లైన్ల లెక్క. తెల్లపొడి నీటిలో కరిగితే −66.5, నీలం స్ఫటికం కరిగితే +11.7, తేడా −78.2 కిలోజౌళ్ళు (ఇకపై కి.జౌ.). మైనస్ అంటే వేడి వదలడం, ప్లస్ అంటే పీల్చుకోవడం. ఇంటర్ చదువుతున్న మా మేనకోడలు ఆ రెండు అంకెలూ ఎక్కడివని అడిగింది. ఎవరో కొలిచి ఉంటారన్నాను. "ఎలా కొలిచారు మామయ్యా?" అంది. ఆరు శనాదివారాలు పోయాయి.

ఎవరైనా చేయాలనుకుంటే ముందే చెప్పాల్సింది ఒకటుంది. కాపర్ సల్ఫేట్ విషం. ఇందులో వాడిన గిన్నె, చెంచా, డబ్బా ఏదీ మళ్ళీ వంటింట్లోకి పోకూడదు. చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. వేడి చేసే పని ఆరుబయటే.

దశ 1: మొరటు ప్రయత్నం

పురుగుమందుల కొట్టులో అరకిలో మైలుతుత్తం అడిగితే "ఏ తోటకండీ?" అన్నాడు కొట్టాయన. బోర్డో మిశ్రమానికి (తోటల్లో తెగుళ్ళకు కొట్టే మందు) అనుకున్నాడు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు కలిపితే ఒక శాతం మిశ్రమం. ప్రయోగానికని చెప్పినా వదల్లేదు: "ఇనప డబ్బాలో, అల్యూమినియం గిన్నెలో మాత్రం కలపకండి. ప్లాస్టిక్ బకెట్టే." ఈ మాట గుర్తుంచుకోండి, నేను గుర్తుంచుకోలేదు.

కరిగిస్తే అడుగున మడ్డి కనిపించింది. అందుకని మొత్తాన్నీ వేడినీళ్ళలో కరిగించి, కాఫీ ఫిల్టర్ కాగితంతో వడకట్టి, చల్లార్చి మళ్ళీ స్ఫటికాలు కట్టించాను. కాగితం మీద నీడలో ఆరబెట్టాను.

నీలం స్ఫటికాల మోల్ బరువు 249.7 గ్రా., తెల్లపొడిది 159.6 గ్రా. ప్రతి రన్‌కూ 0.05 మోల్ అనుకున్నాను. అంటే నీలం అయితే 12.48 గ్రా., తెలుపు అయితే 7.98 గ్రా., నీళ్ళు 100 గ్రా.

వంటింటి త్రాసు ఒక గ్రాము కన్నా తక్కువ చూపదు. కాబట్టి 12 గ్రా. వేశానో 13 వేశానో తెలియదు. థర్మామీటరు మీద ఒక్కో డిగ్రీకి ఒక్కో గీత. స్ఫటికాలేమో కందిగింజలంత ఉన్నాయి. నాలుగుసార్లు చేశాను. ఒక్కోసారి మొత్తం కరగడానికి 11 నిమిషాలు పట్టింది. ఈలోగా గది వేడి కప్పులోకి వచ్చేసింది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గిందా, ఒకటిన్నర తగ్గిందా అన్నది చూసే కన్నును బట్టి మారింది. నాలుగు అంకెలూ కొట్టేశాను.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 390 (మైలుతుత్తం 180, థర్మామీటరు 110, బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ 100). రన్‌లు 4. పనికొచ్చినవి 0.

దశ 2: పనిముట్లు మార్చడం

1. త్రాసు: 0.01 గ్రా. చూపే చిన్న పాకెట్ త్రాసు, రూ. 480.

2. థర్మామీటరు: డీఎస్18బీ20 అనే డిజిటల్ సెన్సర్, స్టీలు గొట్టంలో బిగించి ఉన్నది, రూ. 130. దాన్ని చదవడానికి ఆర్డ్యునో నానో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు, రూ. 320. ఈ సెన్సర్ చెప్పే ఉష్ణోగ్రత అర డిగ్రీ అటూ ఇటూ ఉండొచ్చు. కానీ అది చూపే అతిచిన్న మెట్టు 0.0625 డిగ్రీ. మనకు కావలసింది తేడా కాబట్టి అసలు విలువలో ఉన్న తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది. ఒక్కో రీడింగుకు ముప్పావు సెకను తీసుకుంటుంది. స్టీలు గొట్టం వల్ల ఇంకాస్త వెనకబడుతుంది.

3. కప్పు: మొదట టీ కొట్టు పేపర్ కప్పులు రెండు ఒకదానిలో ఒకటి పెట్టాను. వేడినీళ్ళు పోసి చూస్తే నిమిషానికి దాదాపు డిగ్రీ చొప్పున దిగిపోయింది. ఫ్రిజ్‌తో వచ్చిన థర్మోకోల్ దిమ్మెను తొలిచి, చిన్న పెరుగు డబ్బాను అందులో బిగించాను. మూతకు రెండు కన్నాలు పెట్టాను, సెన్సర్‌కు ఒకటి, పొడి పోయడానికి ఒకటి. గది కన్నా ఏడెనిమిది డిగ్రీలు వేడిగా ఉన్న నీళ్ళు ఇందులో నిమిషానికి 0.08 డిగ్రీ చొప్పున చల్లారాయి. ఇది చాలు.

4. స్ఫటికాలను రోట్లో నూరి, టీ వడకట్టే జాలితో జల్లించాను. 11 నిమిషాల పని 40 సెకన్లకు దిగింది. ఈ ప్రాజెక్టు మొత్తంలో పైసా ఖర్చు లేకుండా ఎక్కువ మేలు చేసిన మార్పు ఇదే. (ఆ రోలు కూడా ఇక వంటకు పనికిరాదు. ముందే పాతది వెతుక్కోండి.)

ప్రతి రన్‌కూ పాటించిన వరస ఇది. తర్వాత మార్చలేదు.

1. నీళ్ళు తూచి పోసి, మూత పెట్టి, 10 నిమిషాలు వదిలేయాలి.

2. 3 నిమిషాలు 10 సెకన్లకోసారి ఉష్ణోగ్రత రాసుకోవాలి.

3. 4వ నిమిషం మొదట్లో పొడి పోయాలి.

4. ఆపైన 6 నిమిషాలు రాసుకోవాలి.

5. గ్రాఫు గీసి, చివరి 4 నిమిషాల గీతను వెనక్కి పొడిగించి, పొడి పోసిన క్షణంలో ఎంత ఉండేదో చూడాలి. ఆ తేడానే లెక్కలోకి తీసుకోవాలి.

ఐదో మెట్టు వదిలేసి కనిపించిన గరిష్ఠ విలువ పట్టుకుంటే తెల్లపొడి విషయంలో 0.2 డిగ్రీ దాకా తగ్గుతోంది. నీలం దానికి అసలు తేడానే డిగ్రీ చిల్లర కాబట్టి చిన్న పొరపాటు కూడా పెద్దదే.

నూరిన నీలంతో 5 రన్‌లు చేస్తే 1.19 నుంచి 1.34 డిగ్రీల మధ్య తగ్గుదల వచ్చింది. ఒక దారి కనిపించింది.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 1,320. రన్‌లు 9.

దశ 3: తెల్లపొడి

ఎక్కువ సమయం తిన్నది ఇదే.

మొదటి విడతలో పాత అల్యూమినియం మూకుడులో 60 గ్రా. నూరిన నీలం పోసి పొయ్యి మీద పెట్టాను. స్ఫటికాల్లోని నీళ్ళే బయటికొచ్చి అడుగున తడి అయ్యాయి. పది నిమిషాల్లో మూకుడు మీద ఎర్రటి మచ్చలు తేలాయి. అల్యూమినియం కరిగి రాగి బయటపడుతోంది. కొట్టాయన చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. మూకుడు, 60 గ్రా. పొడి రెండూ పోయాయి.

రెండో విడతకు పింగాణీ గిన్నెలు రెండు కొన్నాను. మంట మీద నేరుగా పెట్టాను. అడుగున బూడిద రంగు, ఒక మూల నలుపు. మరీ కాలితే కాపర్ సల్ఫేటే విరిగి నల్లని కాపర్ ఆక్సైడ్ మిగులుతుంది. ఘాటైన వాసన కూడా వచ్చింది. నల్లబడిన భాగం తీసేసి, మిగతాది తెల్లగానే ఉంది కదా అని ఒక రన్ చేశాను. 7.98 గ్రా.కు 3.9 డిగ్రీలే పెరిగింది. పుస్తకం లెక్కన ఏడున్నర దాకా రావాలి. సగమే వచ్చింది!

ముందు సెన్సర్‌ను అనుమానించాను, తర్వాత కప్పును. అసలు దోషి రంగు. కాపర్ సల్ఫేట్ తన ఐదు నీటి అణువులనూ ఒకేసారి వదలదు. నాలుగు 110 డిగ్రీల చుట్టుపక్కల పోతాయి. ఐదోది పోవాలంటే 200 దాటాలి. నాలుగు పోయేసరికే పొడి దాదాపు తెల్లగా, కాస్త పాలిపోయిన ఆకుపచ్చ ఛాయతో కనిపిస్తుంది. నేను కరిగించింది అనార్ద్ర లవణం కాదు, చాలావరకు ఒక నీటి అణువు మిగిలినది. ఇక్కడ రంగును నమ్మకండి, త్రాసును నమ్మండి.

మూడో విడతకు ఇనప బాణలిలో రెండంగుళాల ఇసుక పోసి, అందులో గిన్నె పాతి, సన్నని మంట పెట్టాను. డీఎస్18బీ20 సెన్సర్ 125 డిగ్రీలకు మించి పనిచేయదు కాబట్టి ఇసుక వేడి కొలవలేదు. బరువే కొలమానం. 60.00 గ్రా. నీలంలో నీటి వాటా 36.1 శాతం. అంతా పోతే 38.35 గ్రా. మిగలాలి.

అరగంటకు 44.9
గంటకు 42.9
గంటన్నరకు 42.8 (ఇక్కడ ఆగిపోయింది, మంట పెంచాను)
రెండు గంటలకు 40.1
రెండున్నరకు 38.9
మూడింటికి 38.64
మూడున్నరకు 38.64

42.8 దగ్గర ఆగడం చూసి మా మేనకోడలు కాగితం మీద లెక్క వేసింది. ఒక నీటి అణువు మిగిలితే 42.68 రావాలి. ఐదో అణువు మొండితనం అలా త్రాసు మీద కంటికి కనిపించింది. నాకు జవాబు కన్నా ఇదే ఎక్కువ నచ్చింది.

చివరికి పోయింది 35.6 శాతం. 36.1 రాలేదు. ఇంకా కాల్చితే నలుపు మొదలవుతుందేమోనని ఆపేశాను. ఈ అర శాతం తర్వాత మళ్ళీ ఎదురైంది.

ఇంకో చిక్కు వానాకాలం. తెల్లపొడి గాలిలో తేమను లాగేస్తుంది. 7.98 గ్రా. త్రాసు మీద వదిలితే 5 నిమిషాల్లో 8.03, 10 నిమిషాల్లో 8.07 అయింది. అప్పటి నుంచి మూత బిగుతుగా ఉన్న చిన్న సీసాలో వేడిగానే పోసి, చల్లారాక సీసాతో సహా తూచి, పొడి నీళ్ళలో పోశాక ఖాళీ సీసా తూచి, తేడా తీసుకున్నాను.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 1,480 (మూకుడు కలపలేదు). రన్‌లు 10. పాడైన మైలుతుత్తం సుమారు 120 గ్రా.

దశ 4: నేరుగా కొలిస్తే పోలా?

ఈ ప్రశ్న ఎవరికైనా వస్తుంది. 7.98 గ్రా. తెల్లపొడికి 4.50 గ్రా. నీళ్ళు పోస్తే అదే కదా మనకు కావలసిన చర్య? పోసి చూశాం. బుస్సుమని ఆవిరి లేచింది. సెన్సర్ ఒక చోట 80 దాటింది, అంగుళం పక్కన 50 చూపింది. గట్టిపడ్డ ముద్దను పగలగొడితే మధ్యలో ఇంకా తెలుపు ఉంది. ఏ ఉష్ణోగ్రత రాసుకోవాలి? ఆవిరితో పోయిన వేడిని ఎలా పట్టుకోవాలి?

అందుకే చుట్టు దారి. రసాయన శాస్త్రవేత్త జెర్మేన్ హెస్ 1840లో చెప్పింది ఇదే: మొదలు, చివర ఒకటే అయితే ఏ దారిన వెళ్ళినా మొత్తం వేడి ఒకటే. తెలుపును కరిగించు, నీలాన్ని కరిగించు, రెండూ ఒకే ద్రావణం దగ్గరికి చేరతాయి, తేడా తీసుకో.

తెల్లపొడి కరిగించడంలోనూ దెబ్బ తిన్నాను. గబుక్కున పోస్తే అడుగున సిమెంటు గడ్డలా నీలంగా బిగుసుకుంది. రన్ 11లో 5.9 డిగ్రీలే వచ్చింది. సెన్సర్‌తోనే కలియబెట్టడం మానేసి, పాత కంప్యూటర్ ఫ్యాన్‌కు రెండు అయస్కాంతాలు అంటించి, దానిపైన డబ్బా పెట్టి, లోపల గోళీ మందంత తిరిగే అయస్కాంత కడ్డీ (రూ. 90) వేశాను. పొడిని 10 సెకన్ల పాటు చల్లుతూ పోశాను. రన్ 12లో 6.8. ఇంకొంచెం మెత్తగా నూరాక రన్ 13 నుంచి 7 దాటింది.

దశ 5: డబ్బా ఎంత వేడి తింటుంది?

అప్పటిదాకా వేడి లెక్కకు ఉష్ణోగ్రత తేడాను 100 × 4.18 = 418తో గుణిస్తున్నాను, డిగ్రీకి ఇన్ని జౌళ్ళని (గ్రాము నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.18 జౌళ్ళు). డబ్బా, సెన్సర్, కడ్డీ కూడా వేడెక్కుతాయి కదా. పైగా ఇది ఉత్త నీరు కాదు, లవణం కలిసిన ద్రావణం. కొందరు మొత్తం బరువు 108 గ్రా.ను 4.18తో గుణిస్తారు, 451 వస్తుంది. కొందరు నీళ్ళు మాత్రమే తీసుకుంటారు, 418. ఏడెనిమిది శాతం తేడా, తుది జవాబులోనూ అంతే తేడా. వాదించుకునే బదులు, లెక్క తెలిసిన వేడిని కరెంటుతో ఇచ్చి ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో కొలిచాను.

1. 10 ఓమ్‌ల, 10 వాట్ల సిమెంటు రెసిస్టర్ (రూ. 25) ద్రావణంలో ముంచాను. 12 వోల్టుల అడాప్టర్ తగిలించాను.

2. మొదటిసారి రెసిస్టర్ కాళ్ళు బయటికే ఉన్నాయి. రెండు నిమిషాల్లో ఒక కాలికి ఎర్రటి రాగి పూత, రెండో కాలి దగ్గర బుడగలు. వేడి చేయబోయి విద్యుద్విశ్లేషణ (కరెంటుతో ద్రావణాన్ని విడగొట్టడం) చేశాను. ఆ రన్ కొట్టేశాను.

3. కాళ్ళతో సహా ఆరల్డైట్ జిగురు (రూ. 60) పూసి ఒక రాత్రి ఆరనిచ్చాను. ఇకపైన అన్ని రన్‌లలోనూ రెసిస్టర్ డబ్బాలోనే ఉంది. దానికి కూడా వేడి తినే వాటా ఉంది కాబట్టి తీసెయ్యకూడదు.

4. 12.04 వోల్టులు, 1.18 ఆంపియర్లు, 180 సెకన్లు. మొత్తం 2,557 జౌళ్ళు.

మూడుసార్లు 5.81, 5.86, 5.75 డిగ్రీలు పెరిగింది. డిగ్రీకి 440, 436, 445 జౌళ్ళు. సగటు 440. ఇక మీదట 418ని, 451ని పక్కన పెట్టేశాను.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 1,655. కరిగించిన రన్‌లు 13, కరెంటు రన్‌లు 4 (ఒకటి పోయింది).

దశ 6: నీళ్ళు ఎక్కువయ్యాయి

ఇది నేను పట్టుకున్న తప్పు కాదు. నోట్‌బుక్ చూస్తూ మేనకోడలు అంది: "మామయ్యా, రెండు డబ్బాల్లోనూ 100 గ్రాములే పోశావు. నీలం దాంట్లో దాని నీళ్ళు దానికే ఉన్నాయి కదా?"

నిజమే. 12.48 గ్రా. నీలంలో 7.98 గ్రా. లవణం, 4.50 గ్రా. నీరు. అది కరిగాక డబ్బాలో మొత్తం నీరు 104.5 గ్రా. తెలుపు డబ్బాలో 100 గ్రా. రెండు దారులూ ఒకే చోటికి చేరలేదు. హెస్ నియమం చెప్పే షరతే అది! పైగా నేను 440 అనేది 100 గ్రా. నీటికి కొలిచాను. ఈ 4.5 గ్రా. వల్ల నీలం అంకెలో 4 శాతం తప్పు. అందుకే దశ 2లో వచ్చిన 5 అంకెలూ తీసేశాను. నీలం రన్‌లకు ఇక 95.5 గ్రా. నీళ్ళే.

దశ 7: లెక్కలోకి తీసుకున్న రన్‌లు

నీలం, 12.48 గ్రా., నీళ్ళు 95.5 గ్రా.: తగ్గుదల 1.25, 1.31, 1.38. సగటు 1.313 డిగ్రీలు.
1.313 × 440 = 578 జౌళ్ళు. 0.05తో భాగిస్తే +11.6 కి.జౌ./మోల్.

తెలుపు, 7.98 గ్రా., నీళ్ళు 100 గ్రా.: పెరుగుదల 7.21, 7.33, 7.28. సగటు 7.273 డిగ్రీలు.
7.273 × 440 = 3,200 జౌళ్ళు. 0.05తో భాగిస్తే −64.0 కి.జౌ./మోల్.

తెలుపు నుంచి నీలానికి: మొదట −64.0 + 11.6 = −52.4 అని రాసి, ఇంత దారుణంగా వచ్చిందేంటని అరగంట టెన్షన్ పడ్డాను. గుర్తు తప్పు. నీలం నుంచి ద్రావణానికి వెళ్ళే దారిని వెనక్కి నడవాలి కాబట్టి +11.6ను తీసేయాలి.

−64.0 − 11.6 = −75.6 కి.జౌ./మోల్.

పుస్తకం −78.2. తేడా 3.3 శాతం.

తేడా ఎక్కడిది? నీలం అంకె 11.6, పుస్తకంలో 11.7. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది కానీ అది అదృష్టం. సెన్సర్ ఒక్క మెట్టు 0.0625 డిగ్రీ, 1.31లో అది దాదాపు 5 శాతం. మూడు రన్‌లు విడిగా చూస్తే 11.0 నుంచి 12.1 దాకా ఉన్నాయి. తెలుపులో అదే మెట్టు ఒక శాతం కన్నా తక్కువ, మూడు రన్‌లూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. అయినా రెండున్నర కి.జౌ. తక్కువ. ఇది చదవడంలో వచ్చిన తప్పు కాదు, పొడిలోనే ఉంది. అదే దశ 3లో మిగిలిపోయిన అర శాతం నీరు. మోల్ లవణానికి 0.07 మోల్ నీరు మిగిలినట్టు లెక్క. ఆ మొండి ఐదో అణువు ఒక్కటే మోల్‌కు 28 కి.జౌ. పైచిలుకు పట్టి ఉంటుంది. దాంట్లో 0.07 వంతు అంటే 2 కి.జౌ. 7.98 గ్రా.లో నిజమైన లవణం కొంచెం తక్కువ కావడం వల్ల ఇంకో అర కి.జౌ. రెండూ కలిపితే −64.0 కాస్తా −66.4 అవుతుంది.

అలా సవరించి −78.0 అని రాసుకోవచ్చు. రాయలేదు. ఆ 28 నేను కొలిచింది కాదు, పుస్తకం నుంచి తెచ్చుకున్నది. నోట్‌బుక్‌లో −75.6 అనే ఉంది, పక్కన "పొడి 35.6 శాతం దగ్గరే ఆగింది" అని ఉంది. మళ్ళీ చేస్తే ఇసుకలో ఇంకో రెండు గంటలు ఓపిక పడతాను. నీలానికి బరువు రెట్టింపు చేసి 1.3ను 2.6 డిగ్రీలు చేస్తాను. అప్పుడు తెలుపును కూడా రెట్టింపు చేయాలి, నీళ్ళు మళ్ళీ లెక్క కట్టాలి.

చివరి రన్‌ల ద్రావణాలు కాలవలోనో సింకులోనో పోయలేదు. రాగి చేపలకు విషం. వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో పోసి డాబా మీద, వాన పడని చోట పెట్టాను. వారానికి 41 గ్రా. నీలం స్ఫటికాలు కట్టాయి. మిగతా ద్రావణం ఇంకా ట్రేలోనే ఉంది.

మొత్తం: ఖర్చు రూ. 1,655. కరిగించిన రన్‌లు 19, లెక్కలోకి వచ్చినవి 6. కరెంటు రన్‌లు 4, వచ్చినవి 3. మూకుడు 1.